పాత కారుకు దాగే హెడ్‌లైట్లు అమర్చవచ్చా? యంత్రాంగం ఎలా పనిచేస్తుంది, చట్టం ఏమంటోంది?

ఖరగ్‌పూర్: ముందు భాగమంతా పరుచుకున్న నల్లని గ్రిల్, ఎక్కడా కనిపించని హెడ్‌లైట్లు. స్విచ్ తిప్పగానే గ్రిల్‌లోని చిన్న తలుపులు పక్కకు తొలగి దీపాలు బయటపడతాయి. 1960ల చివర అమెరికాలో తయారైన కొన్ని మజిల్ కార్లకు ఈ రూపమే గుర్తింపు తెచ్చింది. దానిని మన దేశపు పాత కారుకు తీసుకురావడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు సాంకేతికంగా సమాధానం సులువే: సాధ్యమే. అయితే ఆ మార్పుతో రెండు కొత్త చిక్కులు వస్తాయి. దీపం వెలగడానికి ముందు మరో యంత్రం పనిచేయవలసి వస్తుంది. ఆ యంత్రం తయారీ సంస్థ నిర్దేశించిన నమూనాలో లేనిది కాబట్టి మోటారు వాహనాల చట్టం కూడా అడ్డు వస్తుంది.

దాగే హెడ్‌లైటు ఎంత చక్కగా మూసుకుంటుందన్నది చూసేవారికి ముఖ్యం. శక్తి అందకుండా పోయినప్పుడు అది ఏ స్థితిలో నిలుస్తుందన్నది నడిపేవారికి ముఖ్యం. ఈ రెండో అంశమే మొత్తం రూపకల్పనకు గీటురాయి.

కాంటెస్సా ప్రస్తావన ఎందుకు?

అమెరికాలో మజిల్ కారు అంటే మధ్యస్థ పరిమాణం గల రెండు తలుపుల కారులో పెద్ద వి-8 ఇంజను అమర్చిన వాహనం. 1964 నాటి పోంటియాక్ జీటీఓను ఈ తరగతికి ఆద్యంగా చాలామంది పేర్కొంటారు. భారతదేశంలో అటువంటి కార్లు తయారు కాలేదు. పొడవైన బానెట్, వెడల్పైన ముఖం, నాలుగు గుండ్రని హెడ్‌లైట్లు ఉన్న హిందుస్థాన్ కాంటెస్సానే అభిమానులు ‘భారతీయ మజిల్ కారు’గా పిలుచుకుంటారు. దీనికి నాలుగు తలుపులు ఉన్నాయి, వి-8 ఇంజను లేదు. ఆ పేరు రూపాన్ని బట్టి వచ్చిందే.

బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ సంస్థ 1970లలో తయారుచేసిన విక్టర్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కాంటెస్సాను రూపొందించింది. 1984 నుంచి 2002 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో ఇది తయారైంది. అంబాసిడర్ కూడా అక్కడిదే. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది. హౌరా నుంచి రైలు మార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్‌కు ఈ కార్లు పొరుగూరివే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఏర్పడిన వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఈ పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. లోహపు పనిలో, యంత్రాల మరమ్మతులో తరాల అనుభవం ఉన్న ఊరు ఇది. దాగే హెడ్‌లైట్ల వెనుక ఉన్న మూల సూత్రం కూడా రైల్వే కార్మికులకు కొత్తది కాదు.

దీపాలను దాచడం ఎప్పుడు మొదలైంది?

అమెరికాలో 1936 నమూనాగా వచ్చిన కార్డ్ 810 కారు దాగే హెడ్‌లైట్లతో ప్రసిద్ధి పొందింది. గోర్డన్ బ్యూరిగ్ రూపకల్పన చేసిన ఆ కారులో దీపాలు ముందు మడ్‌గార్డుల్లో ఒదిగి ఉండేవి. డాష్‌బోర్డుకు రెండు చివరలా ఉన్న చేతి పిడులను తిప్పి వాటిని బయటికి తేవలసి వచ్చేది. మోటారు లేదు, గొట్టాలు లేవు. అందువల్ల చెడిపోయే భాగాలూ తక్కువే.

1940 నుంచి అమెరికాలో హెడ్‌లైట్లకు ఒకే ప్రామాణిక పరిమాణం అమల్లోకి వచ్చింది. అద్దం, పరావర్తకం, తంతువు కలిపి మూసివేసిన సీల్డ్ బీమ్ దీపాలనే వాడాలి. దీపం ఆకారాన్ని మార్చే అవకాశం లేకపోవడంతో, కారు ముఖం భిన్నంగా కనబడాలంటే దీపాన్ని దాచడమే రూపకర్తలకు మిగిలిన మార్గాల్లో ఒకటైంది. 1963 షెవర్లే కార్వెట్‌లో దీపాలు విద్యుత్ మోటార్లతో తిరిగి లోపలికి వెళ్లేవి. 1966 డాడ్జ్ చార్జర్‌లోనూ విద్యుత్ మోటార్లే వాడారు. 1967 మెర్క్యురీ కూగర్ వ్యాక్యూమ్ పద్ధతిని అనుసరించింది. షెవర్లే కామారో ఆర్‌ఎస్ 1967లో విద్యుత్ మోటార్లతో వచ్చి, మరుసటి ఏడాది వ్యాక్యూమ్‌కు మారింది. 1968 నుంచి చార్జర్ కూడా అదే దారి పట్టింది.

కామారోలో ఆర్‌ఎస్ అన్నది అదనపు సొమ్ము చెల్లించి ఎంచుకోదగిన ప్యాకేజీ. అది లేని సాధారణ కామారోలు కూడా ఎన్నో ఉన్నాయి. బాడీ ఒకటే కావడంతో సాధారణ కారుకు ఆర్‌ఎస్ గ్రిల్, తలుపులు, వాటిని కదిలించే భాగాలు బిగించే మార్పిడి అక్కడ ప్రచారం పొందింది. కాంటెస్సాకు అటువంటి ఫ్యాక్టరీ భాగాలు లేవు. ప్రతి భాగాన్నీ కొలతలు తీసి కొత్తగా తయారు చేయవలసిందే.

దీపం కదలాలా, తలుపు కదలాలా?

దాగే హెడ్‌లైట్లలో రెండు ప్రధాన పద్ధతులు ఉన్నాయి. మొదటిదానిలో దీపమే కదులుతుంది. బానెట్ నుంచి పైకి లేచే పాప్-అప్ దీపాలు, గుండ్రంగా తిరిగే కార్వెట్ దీపాలు ఈ కోవలోనివి. రెండోదానిలో దీపం తన చోటనే స్థిరంగా ఉంటుంది. దాని ముందున్న తలుపు మాత్రమే పక్కకో పైకో తొలగుతుంది. 1968 చార్జర్, కామారో ఆర్‌ఎస్ ఈ పద్ధతిలోనివి.

పాత కారును మార్చేవారికి రెండో పద్ధతిలో సౌలభ్యం ఎక్కువ. హెడ్‌లైటు కాంతి రోడ్డు మీద ఎక్కడ పడాలన్నది దీపం కోణాన్ని బట్టి ఉంటుంది. ఆ కోణంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 25 మీటర్ల దూరంలో కాంతి దాదాపు 44 సెంటీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. కదిలే దీపం ప్రతిసారీ అదే కోణంలో ఆగాలంటే బుష్‌లు, ఇరుసులు, ఆపే మేకులు అరగకుండా ఉండాలి. ఖరగ్‌పూర్ ప్రాంతపు ఎర్రమట్టి దుమ్ము, వర్షాకాలపు తేమ కలిసి కీళ్లలో చేరితే ఆ ఖచ్చితత్వం ఎంతోకాలం నిలవదు. తలుపు మాత్రమే కదిలే పద్ధతిలో దుమ్ము వల్ల తలుపు బిగుసుకోవచ్చు గాని, దీపం గురి మాత్రం చెదరదు.

కాంటెస్సా దీపాలు గ్రిల్ వరుసలోనే ఉండటం తలుపు పద్ధతికి అనుకూలించే అంశం. అయితే తలుపులు, వాటి ఇరుసులు, మోటార్లు గ్రిల్ వెనుక చోటును ఆక్రమిస్తాయి. రేడియేటర్‌కు అందే గాలి తగ్గితే వేసవిలో ఇంజను వేడెక్కుతుంది. ఈ కారణంగా తలుపులను దీపాల మేరకే పరిమితం చేసి, మధ్య గ్రిల్‌ను ఖాళీగా వదలడం అవసరం.

వ్యాక్యూమ్ పద్ధతి: రైలు బ్రేకుకు చుట్టం

పెట్రోలు ఇంజను తిరుగుతున్నప్పుడు దాని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనం బయటి వాతావరణం కంటే బాగా తగ్గుతుంది. ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు ఈ తగ్గుదల సాధారణంగా 45 నుంచి 53 సెంటీమీటర్ల పాదరస మట్టానికి సమానంగా ఉంటుంది. వ్యాక్యూమ్ హెడ్‌లైట్లు ఈ శక్తినే వాడుకుంటాయి. మానిఫోల్డ్ నుంచి రబ్బరు గొట్టం ఒక చిన్న ట్యాంకుకు వెళ్తుంది. మధ్యలో ఉండే ఏకమార్గ వాల్వు ట్యాంకులోకి గాలి తిరిగి రాకుండా ఆపుతుంది. అక్కడి నుంచి హెడ్‌లైట్ స్విచ్‌కు అనుసంధానమైన వాల్వు ద్వారా, తలుపు దగ్గర రబ్బరు పొర బిగించిన డబ్బాకు మరో గొట్టం చేరుతుంది. డబ్బాలో పీడనం తగ్గగానే పొర లోపలికి లాగబడి, దానికి తగిలించిన కడ్డీ తలుపును తిప్పుతుంది.

ట్యాంకు అవసరం ఎందుకంటే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ దాదాపు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే దీపాలు మూసుకుపోకుండా ట్యాంకులోని నిల్వ కాపాడుతుంది. ఎక్కువ శక్తి కోసం కామ్‌షాఫ్ట్ మార్చిన ఇంజన్లలో ఐడిల్ వ్యాక్యూమ్ కూడా తక్కువగానే ఉంటుంది. డీజిల్ ఇంజను ఉన్న కారులో మానిఫోల్డ్ వ్యాక్యూమ్ మీద ఆధారపడటానికే వీలులేదు. దానికి విడిగా పంపు కావాలి.

భారతీయ రైల్వేల్లో దశాబ్దాల పాటు వాడిన వ్యాక్యూమ్ బ్రేకు దాదాపు ఇంతే పీడనంతో పనిచేసేది. రైలు పొడవునా ఉన్న గొట్టంలోంచి గాలిని లాగేసినంత కాలం బ్రేకులు విడిచి ఉండేవి. గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా గాలి లోపలికి చొరబడి బ్రేకులు వాటంతటవే పట్టుకునేవి. అంటే లోపం తలెత్తితే రైలు ఆగుతుంది, అదుపు తప్పి పోదు. పాత సెమాఫోర్ సిగ్నల్‌దీ ఇదే నీతి. తీగ తెగితే చేయి అడ్డంగా నిలిచి ప్రమాద సూచన ఇస్తుంది. ఏదైనా చెడిపోయినప్పుడు సురక్షిత స్థితికి చేరడమే ఈ ఏర్పాట్ల లక్ష్యం.

హెడ్‌లైటు విషయంలో సురక్షిత స్థితి అంటే తలుపు తెరిచి ఉండటం. కాబట్టి వ్యాక్యూమ్ తలుపును మూసి ఉంచాలి, స్ప్రింగు దాన్ని తెరవాలి. గొట్టం చిట్లినా దీపాలు బయటపడే ఉంటాయి. ఆ కాలపు కార్లన్నీ ఈ నియమాన్ని పాటించలేదు. తెరవడానికీ మూయడానికీ కూడా వ్యాక్యూమ్ మీదనే ఆధారపడిన డబ్బాలు కొన్నింటిలో ఉండేవి. రబ్బరు గట్టిపడి, గొట్టాలు పగిలిన పాత కార్లలో ఒక కన్ను తెరిచి మరో కన్ను మూసినట్లు కనిపించడానికి కారణం ఇటువంటి లీకులే. 1969 కామారో ఆర్‌ఎస్ తలుపుల్లో కాంతి ప్రసరించే అడ్డ చీలికలు ఉంచారు. తలుపు తెరుచుకోకపోయినా కొంత వెలుతురు రోడ్డు మీద పడేది.

విద్యుత్ మోటారుతో లాభనష్టాలు

కొత్తగా మార్పిడి చేసేవారు ఎక్కువగా విద్యుత్ మోటార్లవైపు మొగ్గుచూపుతారు. గొట్టాల లీకు ఉండదు, ఇంజను రకంతో నిమిత్తం లేదు, రెండు తలుపులూ ఒకే వేగంతో కదిలేలా సర్దవచ్చు. వర్మ్ గేరు ఉన్న మోటారుకు మరో గుణం ఉంది. విద్యుత్తు పోతే అది ఉన్నచోటనే బిగిసి నిలుస్తుంది. తెరిచి ఉన్న తలుపు గాలి వేగానికి మూసుకుపోదు. ఇబ్బందల్లా మూసి ఉన్న తలుపు కూడా అలాగే మూసి ఉండిపోవడమే. అందుకే పాప్-అప్ దీపాలున్న అనేక కార్లలో మోటారును చేత్తో తిప్పేందుకు చిన్న పిడి అమర్చేవారు. మార్పిడి చేసిన కారులో కూడా బానెట్ ఎత్తి, పనిముట్ల అవసరం లేకుండా చేత్తో తలుపు తెరిచే వీలుండాలి.

వైరింగులో పాటించవలసిన ప్రధాన నియమం ఒకటుంది. దీపాల సర్క్యూటు, తలుపు మోటార్ల సర్క్యూటు వేర్వేరు ఫ్యూజులతో ఉండాలి. తలుపు బిగుసుకొని మోటారు ఫ్యూజు ఎగిరిపోతే దీపాలు కూడా ఆరిపోయే పరిస్థితి రాకూడదు. పాత స్విచ్ మీద మొత్తం భారం పడకుండా రిలేలు వాడాలి.

అంతర్జాతీయ నిబంధనలు నిషేధించాయా?

పాప్-అప్ హెడ్‌లైట్లను నిషేధించారన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. అది వాస్తవం కాదు. వాహన దీపాల అమరికపై ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన హెడ్‌లైట్లను, ముందు ఫాగ్ ల్యాంపులను వాడనప్పుడు దాచి ఉంచడానికి అనుమతిస్తోంది. అయితే షరతులు కఠినమైనవి. తెరిచే యంత్రాంగంలో లోపం వస్తే, వాడుకలో ఉన్న దీపం అదే స్థితిలో నిలవాలి. లేదా పనిముట్లు లేకుండా దాన్ని బయటికి తేగలగాలి. ఒకే స్విచ్‌తో దీపం బయటికి వచ్చి వెలగాలి. మైనస్ 30 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రతల్లో 3 సెకన్లలో అది పని స్థితికి చేరాలి. అమెరికా కూడా 1960ల చివర తెచ్చిన 112వ సమాఖ్య భద్రతా ప్రమాణంలో ఇటువంటి షరతులనే పెట్టింది.

అటువంటి దీపాలు కనుమరుగు కావడానికి కారణాలు వేరు. 1983లో అమెరికా సీల్డ్ బీమ్ నిబంధనను సడలించడంతో దీపాలకు కావలసిన ఆకారం ఇవ్వడం సాధ్యమైంది. పాదచారుల భద్రతా ప్రమాణాల దృష్ట్యా పైకి పొడుచుకువచ్చే గట్టి భాగాలు అవాంఛనీయమయ్యాయి. బరువు, ఖర్చు అదనం. 2004లో కార్వెట్ అయిదో తరం, లోటస్ ఎస్ప్రీ ముగియడంతో భారీ ఉత్పత్తి కార్లలో పాప్-అప్ దీపాల శకం ముగిసింది.

భారతీయ చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీ సంస్థ మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ సెక్షన్‌ను కఠినంగా వ్యాఖ్యానించింది. తయారీ సంస్థ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను రాష్ట్ర నియమాల ఆధారంగా సమర్థించుకోలేరని స్పష్టం చేసింది.

2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షన్ శిక్షను నిర్దేశిస్తోంది. చట్టం అనుమతించని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. విడిభాగాలు అదనంగా బిగించడం కూడా ఇందులోకి వస్తుంది.

దీపాల విషయంలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి-1989 మరికొన్ని షరతులు పెట్టింది. 106వ నియమం ప్రకారం ముందు దీపపు కాంతి కిందికి వంగి ఉండాలి. దీపానికి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్లను అది మిరుమిట్లు గొలపకూడదు. ఇక్కడే మరో చిక్కు ఉంది. అమెరికాలో వాహనాలు కుడివైపు నడుస్తాయి కాబట్టి అక్కడి డిమ్ దీపం కాంతిని కుడివైపుకు పరుస్తుంది. అవే దీపాలను తెచ్చి ఇక్కడ బిగిస్తే ఆ కాంతి ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో పడుతుంది. ఖరగ్‌పూర్ మీదుగా బాలేశ్వర్, శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు సాగే 16వ జాతీయ రహదారిపై రాత్రివేళ లారీల రద్దీలో అది ప్రాణాంతకం కావచ్చు. ఎడమవైపు రాకపోకలకు తగిన దీపాలనే వాడాలి.

కాంటెస్సా యజమానులకు ఈ చట్టం దూరపు మాట కాదు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆఖరి కాంటెస్సా తయారై కూడా 20 ఏళ్లు దాటింది. అంటే రోడ్డు మీద ఉన్న ప్రతి కాంటెస్సా ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్లవలసిందే. ముందు భాగం కోసి మార్చిన కారు ఆ తనిఖీలో నిలవకపోతే రిజిస్ట్రేషన్‌కే ముప్పు. మార్పు గురించి బీమా సంస్థకు తెలియజేయకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము వివాదంలో పడవచ్చు.

వింటేజ్ హోదాపై ప్రభావం

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. ఆమోదం పొందిన వాహనానికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ప్లేటు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, గడువు పదేళ్లు. అయితే వాహనం అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజనులో మార్పులు సహా గణనీయమైన మరమ్మతు జరిగి ఉండకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, నిర్వహణ వంటి అవసరాలకే దానిని రోడ్డు మీదికి తీసుకురావాలి.

పాత అంబాసిడర్లలో కొన్ని ఇప్పటికే ఈ వయసుకు చేరాయి. తొలి కాంటెస్సాలు 2034లో చేరుకుంటాయి. కాంటెస్సాకు విడి చాసిస్ ఫ్రేము లేదు. బాడీయే మొత్తం బరువును మోస్తుంది. దీపాల కోసం ముందు రేకును కోయడం బాడీ షెల్‌లో మార్పుగా పరిగణన పొందే అవకాశం ఉంది. ఈనాడు వేసిన కోత ఆనాటి హోదాను దూరం చేయవచ్చు.

మార్పిడికి ముందు గమనించవలసినవి

మొదటిది, రేకు కోయకముందే స్థానిక రిజిస్టరింగ్ అధికారికి డ్రాయింగుతో సహా లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసి సమాధానం పొందాలి. షెడ్డు మెకానిక్ ఇచ్చే మౌఖిక హామీకి చట్టపరమైన విలువ లేదు.

రెండోది, ఉన్న బోల్టు రంధ్రాలను ఉపయోగించి, వెల్డింగు, కోత లేకుండా బిగించే గ్రిల్‌ను ఎంచుకోవాలి. అసలు గ్రిల్, దీపాలు, వైరింగు భద్రపరిస్తే కారును తిరిగి యథారూపానికి తేవచ్చు.

మూడోది, దీపాలను కదల్చకుండా తలుపులను మాత్రమే కదిలించే పద్ధతి మేలు. పార్కింగ్ దీపాలు, ఇండికేటర్లు ఎప్పుడూ తలుపుల వెనుక చేరకూడదు. ఆగిన కారును గుర్తించడానికి అవే ఆధారం.

నాలుగోది, పని పూర్తయ్యాక రోడ్డెక్కే ముందు లోపాలను కావాలనే సృష్టించి పరీక్షించాలి. దీపాలు వెలుగుతుండగా మోటారు ఫ్యూజు తీసివేసి చూడాలి. తలుపులు తెరిచే ఉండాలి. తలుపులు మూసి ఉండగా బ్యాటరీ వైరు విప్పి, చేత్తో తెరవగలుగుతున్నారో లేదో చూడాలి. వ్యాక్యూమ్ పద్ధతి అయితే గొట్టం ఊడదీసి, స్ప్రింగు తలుపును పూర్తిగా తెరుస్తోందో లేదో గమనించాలి. ఇంజను ఆపి ఒక రాత్రంతా ఉంచాక మరోసారి ప్రయత్నించాలి. ఆపై చదునైన నేల మీద గోడకు ఎదురుగా కారు నిలిపి దీపాల గురి సరిచూసుకోవాలి.

ఈ పరీక్షల్లో ఏ ఒక్కటి విఫలమైనా ఆ తలుపులను తెరిచిన స్థితిలో బిగించి ఉంచడమే శ్రేయస్కరం. అధికారి అనుమతి రాని పక్షంలో, విప్పదీయగల గ్రిల్‌ను ప్రైవేటు ఆవరణలో ప్రదర్శనకు మాత్రమే పరిమితం చేసి, రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు అసలు ముఖంతోనే నడపడం చట్టరీత్యా సురక్షితమైన మార్గం.